మాకు జామీను ఎవరు?

హత్య చేశాడని పోలీసులు పట్టుకున్న మనిషిని, కోర్టు ఇంకా దోషి అని తేల్చకముందే జైల్లో ఉంచొచ్చా? ఉంచకూడదని చట్టం చదివినవాళ్ళంటారు. నేనూ అంటాను. మా పల్లె మీద పడి మా మనిషిని నరికినవాళ్ళు నెలన్నరలో బెయిలు మీద తిరిగొచ్చి, మా వీధిలోంచే మోటారు సైకిళ్ళ మీద పోతుంటే, వాళ్ళని ఎట్లా వదిలారు అని అడుగుతాను. ఈ రెండూ నా నోటి మాటలే. ఈ రెండిటికీ పొత్తు ఎట్లా కుదురుతుందనేది ముప్పయ్యేళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. ఉద్యమంలో తిరిగే ప్రతివాళ్ళకీ ఇది ఏదో ఒకరోజు ఎదురవుతుంది. పొద్దున మన కుర్రాళ్ళకి బెయిలు కావాలని కోర్టుకి పోతాం. సాయంత్రం అవతలివాళ్ళ బెయిలు రద్దు చెయ్యాలని తాలూకా ఆఫీసు ముందు కూర్చుంటాం. 'మీకో న్యాయం, మాకో న్యాయమా?' అని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేస్తారు. వాళ్ళకి జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. మనకి మనం చెప్పుకోవాలి.

మాది కృష్ణ కాలవ కింద ఊరు. 1994 ఏప్రిల్‌లో మా మాదిగపల్లె కుర్రాళ్ళు రోడ్డు పక్క పోరంబోకులో అంబేద్కర్ విగ్రహానికి దిమ్మె కట్టారు. తెల్లారేసరికి దిమ్మె కూలిపోయి ఉంది. ఎవరు కూల్చారని అడిగినందుకు ఆ రాత్రే పల్లె మీద పడ్డారు. మా చిన్నాయన కాలవ గట్టు మీద పడిపోయాడు. ఆయన్ని నులకమంచం మీద మోసుకుని ఆస్పత్రికి పోయిన నలుగురిలో మా పెద్దన్న ఒకడు. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది. అవతలివాళ్ళలో ఒకడికి తల పగిలింది. పోలీసులు రెండు కేసులు రాశారు. పద్నాలుగు మంది ఆసాముల మీద 302, దానితోపాటు అత్యాచారాల నిరోధక చట్టం. మావాళ్ళు ఏడుగురి మీద 307, హత్యాప్రయత్నం. మంచం మోసిన మా అన్న ఆ కేసులో రెండో ముద్దాయి. దీన్ని కౌంటర్ కేసంటారు. దళితుల మీద దాడి జరిగిన ప్రతి చోటా కౌంటర్ కేసు కవల పిల్లలా పుడుతుంది. అది ఎందుకు పుడుతుందో ఊరికీ తెలుసు, స్టేషన్‌కీ తెలుసు.

రెండు బెయిలు పిటిషన్లూ ఒకరోజే విచారణకి వచ్చాయి. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. కోర్టు హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడి విన్నా. ఆసాముల తరఫు ప్లీడరు చెప్పింది ఇదీ: వీళ్ళు పరువుగల రైతులు, తరతరాలుగా ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళు, ఒక్కొక్కరికీ పది, ఇరవై ఎకరాల మాగాణి ఉంది, పొలాలు వదిలి ఎక్కడికి పారిపోతారు, నారుమళ్ళ కాలం వస్తోంది. మావాళ్ళ గురించి ప్రభుత్వ ప్లీడరు చెప్పింది ఇదీ: వీళ్ళు కూలోళ్ళు, మిరపకోతలకీ పత్తి తీతలకీ ఎక్కడెక్కడికో పోతారు, ఆస్తిపాస్తుల్లేవు, వదిలితే మళ్ళీ దొరకరు, ఊళ్ళో శాంతిభద్రతలు చెడతాయి. హత్య కేసు ముద్దాయిలకి నలభై ఒకటో రోజున బెయిలొచ్చింది. హత్యాప్రయత్నం కేసు ముద్దాయిలకి రాలేదు.

ఆ రోజు నాకు కోపమే గానీ జవాబు లేదు. ఆ కేసు చుట్టూ తిరుగుతూనే లా చదివా. చదివాక జడ్జిగారు వాడిన కొలబద్ద ఏందో అర్థమైంది. కేసు తీవ్రమైనదైనప్పుడు బెయిలు దగ్గర కోర్టు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. నేరం చేశాడని నమ్మటానికి పైకి కనపడే ఆధారం ఉందా, ఆరోపణ ఎంత తీవ్రమైంది, పడబోయే శిక్ష ఎంత, పారిపోతాడా, మళ్ళీ నేరం చేస్తాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా. 2010లో సుప్రీంకోర్టు ప్రశాంత కుమార్ సర్కార్ కేసులో వీటన్నిటినీ వరసగా రాసింది. ఆ వరసలో ముద్దాయి స్తోమతు, హోదా కూడా ఉన్నాయి. స్తోమతు ఉంటే బెయిలివ్వమనిగానీ, ఇవ్వొద్దనిగానీ అక్కడ లేదు. చూడమని మాత్రం ఉంది. ఎటు చూడాలన్నది జడ్జి మనసు. ఆ మనసు మనూళ్ళలోనే పుట్టి పెరిగిన మనసు. పొలం ఉన్నవాణ్ణి చూస్తే దానికి నమ్మకం, పొలం లేనివాణ్ణి చూస్తే అనుమానం.

నిజానికి పొలం చెప్పేదేంది? ఇరవై ఎకరాల ఆసామి పారిపోడు, నిజమే. పారిపోవలసిన అవసరం వాడికి లేదు గదా! ఊళ్ళో పని వాడి చేతిలో, గడ్డి వాడి గట్టు మీద, పోలీసు జీపు ఆగేది వాడి అరుగు ముందు. పారిపోవలసి వచ్చేది సాక్షి. 'ఊళ్ళో వేళ్ళూనుకున్నవాడు' అని ప్లీడరు గొప్పగా చెప్పే ఆ వేళ్ళే సాక్షి గొంతుకి చుట్టుకునేది. కోర్టు ఒక ప్రశ్న మాత్రం గట్టిగా అడిగింది: వీడు వాయిదాకి వస్తాడా? రెండో ప్రశ్న, వీడు బయట ఉంటే సాక్షి వాయిదాకి వస్తాడా అన్నది, మా ఊరి కేసులో ఆసాముల్ని అడగలేదు. కూలి ముద్దాయిని అడిగింది. కూలోడు ఎవర్ని బెదిరించగలడు? ఎవరి పని మానిపించగలడు? ఎవరి దారి మూయగలడు?

మా చిన్నాయన్ని ఎవరు నరికారో దగ్గరుండి చూసింది మా పెద్దమ్మ. బెయిలు మీద వచ్చినవాళ్ళు ఆమెని కొట్టలేదు. తిట్టలేదు. ఊళ్ళోకి వచ్చిన రోజు మేళం పెట్టి ఊరేగారు. మా పల్లె డప్పు పోనంటే పక్క మండలం నుంచి తెప్పించుకున్నారు. వారం తర్వాత మా పెద్దమ్మ గడ్డి కోస్తుంటే ముద్దాయిల్లో ఒకడొచ్చి గట్టు మీద నిలబడి, 'ఏమే, బాగున్నావా? మనవళ్ళు బాగున్నారా?' అని అడిగి వెళ్ళిపోయాడు. అంతే. దీన్ని ఏ కాగితం మీద ఏమని రాసి బెయిలు రద్దు చెయ్యమని అడగాలి? యోగక్షేమాలు అడగటం ఏ సెక్షన్ కింద నేరం? నాలుగేళ్ళకి విచారణ మొదలయ్యాక బోనులో నిలబడి మా పెద్దమ్మ, 'చీకట్లో ఆనలేదయ్యా' అంది. ఆమెని ఎవరూ తప్పుపట్టలేదు మా పల్లెలో. కారంచేడులో కళ్ళారా చూసిన సాక్షి అలీసమ్మ తర్వాత హత్యకు గురైన సంగతి కోస్తా పల్లెల్లో తెలియందెవరికి?

ఇక మావాళ్ళ సంగతి. మళ్ళీ పిటిషన్ వేస్తే అరవై మూడో రోజున బెయిలొచ్చింది. మనిషికి పదివేలు, ఇద్దరేసి జామీనుదార్లు. ఏడుగురికి పద్నాలుగు మంది కావాలి. వాళ్ళకి ఆస్తి ఉండాలి, పన్ను రసీదులుండాలి. మా నాయన పల్లెంతా తిరిగి పట్టా కాగితాలు సంచిలో వేసుకుని కోర్టుకి పోతే గుమాస్తా తిప్పి తిప్పి చూసి, 'ఇది అసైన్డ్. అమ్మటానికి లేదు. రేపు మీవాడు రాకపోతే కోర్టు దేన్ని వేలం వేసుకోవాలి?' అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. 1977లో ప్రభుత్వం చట్టం తెచ్చింది, పేదలకిచ్చిన భూమి డబ్బున్నోడు కొనకూడదని. మా మంచికే తెచ్చింది. అమ్మటానికి లేదు కాబట్టి ఆ భూమికి కోర్టులో విలువ లేదు. భూమి ఇచ్చింది ప్రభుత్వం, చెల్లదన్నది కోర్టు. పట్టా మా నాయన సంచిలోనే ఉండిపోయింది.

బెయిలు వచ్చాక కూడా ఇరవై మూడు రోజులు మావాళ్ళు సబ్‌జైల్లోనే ఉన్నారు. చివరికి కోర్టు ఎదురుగా చెట్టు కింద కూర్చునే అద్దె జామీనుదార్లే దిక్కయ్యారు. మా అమ్మ గేదెని అమ్మింది. ఏడిళ్ళలోనూ ఏదో ఒకటి అమ్ముడుపోయింది. మొత్తం ఎనభై ఆరు రోజులు. ఆ కేసు తర్వాత సాక్ష్యం లేక కొట్టేశారు. ఆ ఎనభై ఆరు రోజులు ఎవరి లెక్కలో రాసుకోవాలి?

చట్టంలో దారి లేక కాదు ఇదంతా. 1977లో రాజస్థాన్ నుంచి వెళ్ళిన బల్‌చంద్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ బెయిలే నియమమనీ, జైలు మినహాయింపనీ చెప్పారు. అదే ఏడాది చివర మన రాష్ట్రం నుంచి వెళ్ళిన గుడికంటి నరసింహులు కేసులో, బయట ఉన్నవాడే తన కేసు బాగా నడుపుకోగలడనీ, సాక్షుల్ని చెరుపుతాడా అన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలనీ చెప్పారు. 1978లో మోతీరామ్ కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రి. పదివేల జామీను అడిగారు. అన్న జామీను పడతానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. కృష్ణయ్యర్ ఆ మేస్త్రిని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ తీర్పులోనే, దూరదేశంలో పట్టుబడ్డ తెలుగువాడు అక్కడ జామీను ఎక్కణ్ణించి తేవాలని కూడా అడిగారు. మా నాయన గుమాస్తా ముందు నిలబడ్డ నాటికి ఆ తీర్పుకి పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో ఆ తీర్పు ఢిల్లీ నుంచి మా మునసబు కోర్టు దాకా నడిచి రాలేకపోయింది. బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని పుస్తకం రాసింది ఇందుకే. చట్టం మన దగ్గరకి రాదు, మనమే పోయి చేతపట్టుకు రావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తా. అన్న ఇంటికొచ్చిన నెలకి, ఆసాముల బెయిలు రద్దు చెయ్యమని పిటిషన్ వేద్దామని పల్లెలో కూర్చున్నాం. అన్న ఒప్పుకోలేదు. 'లోపల నేనున్నా గదరా. తీర్పు రాకముందు మనిషిని అట్లా ఉంచకూడదు. వాడైనా సరే' అన్నాడు. చిన్నమ్మ లేచి నిలబడింది. 'నీ న్యాయం బానే ఉంది నాయనా. మీ చిన్నాయనకి ఏ కోర్టు బేలిస్తది?' అంది. కూర్చున్నవాళ్ళెవరూ మాట్లాడలేదు. అన్న కూడా మాట్లాడలేదు.

ఇద్దరి మాటల్నీ నేను చాలా ఏళ్ళు తూకం వేశా. అన్న చెప్పింది సూత్రం. జైలు అనేది శిక్ష, శిక్ష తీర్పు తర్వాతే. ఈ సూత్రం మనకి అందరికంటే ఎక్కువ అవసరం. 2022 చివర దేశంలో జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నలుగురిలో ముగ్గురు. అందులో మనవాళ్ళు జనాభాలో మన వాటా కంటే ఎక్కువే. తీర్పు లేని జైలు ఎక్కువగా పడేది మన నెత్తినే. ఆ సూత్రాన్ని వదులుకుంటే ముందు మునిగేది మనమే.

చిన్నమ్మ మాట సూత్రానికి ఎదురు మాటలా వినపడుతుంది. కాదు. ఆమె జైలునే ఎందుకడిగింది? తీర్పు రాదని ఆమెకి తెలుసు కాబట్టి. కారంచేడులో ఆరుగుర్ని చంపింది 1985 జులై 17న. సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది 2008లో. చుండూరులో ఎనిమిదిమందిని చంపింది 1991 ఆగస్టు 6న. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది 2007లో. హైకోర్టు దాన్ని కొట్టేసింది 2014లో. ఇట్లాంటి దేశంలో, చంపినవాడు అనుభవించే శిక్ష ఏదైనా ఉందంటే రిమాండులో గడిపిన ఆ నలభై రోజులే. అందుకే మనవాళ్ళు రిమాండు రోజుల్ని శిక్షగా లెక్కపెట్టుకుంటారు. చిన్నమ్మ అడిగింది తీర్పుని. ఆమెకి అందుబాటులో ఉన్న మాట 'బేలు' కాబట్టి ఆ మాటతో అడిగింది. మా ఊరి కేసులో పద్నాలుగు మందీ 2001లో విడుదలయ్యారు. చిన్నమ్మ లెక్కే నిజమైంది.

కాబట్టి నా జవాబు ఇదీ. మనకో న్యాయం, వాళ్ళకో న్యాయం మనం అడగటం లేదు. ఇద్దర్నీ ఒకే రెండు ప్రశ్నలు అడగమంటున్నాం: విచారణకి వస్తావా, విచారణని చెరుపుతావా? ప్రశ్నలు ఒకటే. ఊరు రెండుగా ఉంది కాబట్టి జవాబులు వేరువేరుగా వస్తాయి. కూలోడు మిరపకోతకి పోయినా వాయిదాకి తిరిగొస్తాడు, వాడికి ఇంకెక్కడా ఇల్లు లేదు. ఆసామి ఇంట్లో కూర్చునే సాక్ష్యాన్ని చంపగలడు. చంపగలిగినవాణ్ణి సాక్షుల వాంగ్మూలాలు అయ్యేదాకా దూరంగా పెట్టడం శిక్ష కాదు, విచారణకి కాపలా. దూరం పెట్టటానికి జైలొక్కటే దారి కూడా కాదు. ఈ ఊళ్ళో, ఈ మండలంలో అడుగుపెట్టకూడదనే షరతు మీద బెయిలివ్వటానికి కోర్టుకి ఎప్పుడూ అధికారం ఉంది. వెయ్యేళ్ళు మనల్ని ఊరి బయట ఉంచారు. విచారణ జరిగే ఏడాది వాళ్ళు ఊరి బయట ఉంటే ధర్మం ఏమీ చెడిపోదు.

చట్టం కొంత మారింది, మనం కొట్లాడితేనే మారింది. 1989 చట్టం 18వ సెక్షన్ ముందస్తు బెయిలుని మూసింది. ఆ చట్టాన్ని 2018 మార్చిలో సుప్రీంకోర్టు నీరుగారిస్తే ఏప్రిల్ 2న దేశమంతా వీధుల్లోకి వచ్చింది, పార్లమెంటు 18ఎ పెట్టాల్సొచ్చింది. 2020లో ఆ సవరణని కోర్టు నిలబెట్టింది, పైకి కనపడే ఆధారమే లేని కేసులో ముందస్తు బెయిలుకి అడ్డు ఉండదని కూడా చెప్పింది. 2016 జనవరి 26 నుంచి 15ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది. ముద్దాయి బెయిలు అడిగినప్పుడు బాధితులకి కబురు చెయ్యాలి, వాళ్ళ మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా చిన్నమ్మ లాంటి మనిషి ఇప్పుడు జడ్జి ముందు నిలబడి, గట్టు మీద వచ్చి ఎవరు యోగక్షేమాలు అడిగారో చెప్పొచ్చు. 'బాగున్నావా' అన్న మాటకి మా ఊళ్ళో అర్థమేందో చెప్పొచ్చు. 2024 జులై 1 నుంచి నేర విచారణ చట్టం పేరే మారింది. 437 పోయి 480, 439 పోయి 483 అయింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే ఉంటే వదలాలని 479 చెప్తుంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి అది వర్తించదు. 307 కూడా యావజ్జీవం దాకా పోయే సెక్షనే. అందువల్ల మా అన్నలాంటివాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. కోపంలో మనం 'అసలు బెయిలే లేని చట్టం కావాలి' అని అడుగుతుంటాం. అట్లాంటి తాళం ఎవరి చేతికి పోతుందో చూడండి. ఉపా చట్టంలో 2008లో 43డి(5) పెట్టారు. పోలీసులు రాసింది పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు లేదు. ఆనంద్ తేల్తుంబ్డే దళిత మేధావి, అంబేద్కర్ కుటుంబానికి అల్లుడు. 2020లో ఆయన లొంగిపోవాల్సి వచ్చింది ఏప్రిల్ 14నే. రెండున్నరేళ్ళ తర్వాత బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది. మన వరవరరావు ఎనభై దాటిన వయసులో జబ్బు పేరు మీద బెయిలు తెచ్చుకోవాల్సి వచ్చింది. అమలాపురంలో పుట్టిన సాయిబాబా చక్రాల కుర్చీలో ఏళ్ళకేళ్ళు లోపలుండి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి, అదే అక్టోబర్‌లో చనిపోయాడు. 18వ సెక్షన్‌కీ దీనికీ తేడా ఉంది. 18 ముందస్తు బెయిలుని మాత్రమే ఆపుతుంది, అరెస్టయ్యాక బెయిలు తలుపు తీసే ఉంచుతుంది. బలమైనవాడి నుంచి బలహీనుడైన సాక్షిని కాచటానికి పెట్టింది అది. రాజ్యాన్ని ప్రశ్నించేవాణ్ణి తొక్కి ఉంచటానికి పనికొచ్చేది 43డి(5). తాళం కావాలని అడిగేముందు తాళంచెవి ఎవరి మొలలో ఉంటుందో ఆలోచించాలి.

విద్యార్థులకీ, కార్యకర్తలకీ ఒక పని చెప్తా. మీ జిల్లాలో దళితుల మీద దాడి కేసు ఏదైనా బెయిలుకి వచ్చిందని తెలిస్తే ఆ రోజు కోర్టుకి పోండి. బాధితులకి నోటీసు అందిందా అడగండి. అందకపోతే 15ఎ పేరు చెప్పి వాయిదా వెయ్యమనండి. బాధితుల్ని తీసుకుపోయి వాళ్ళ నోటితోనే చెప్పించండి. ముద్దాయి పొలమెంత అని ప్లీడరు చెప్పగానే, ఆ పొలంలో పనిచేసే సాక్షులెంతమందో కూడా లెక్క చెప్పండి. ఊళ్ళో అడుగుపెట్టకూడదనే షరతు అడగండి. సాక్షులకి రక్షణ అడగండి, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. అన్నిటికంటే ముందు, విచారణ త్వరగా మొదలుపెట్టమని అడగండి.

అక్కణ్ణించి సబ్‌జైలుకి పోండి. బెయిలొచ్చీ జామీను లేక లోపలే ఉండిపోయినవాళ్ళ పేర్లు రాసుకోండి. నెలలోగా జామీను ఇచ్చుకోలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. ఆ ఆదేశం కాపీ జేబులో పెట్టుకుని పోండి. పట్టా కాగితాల సంచి పట్టుకుని గుమాస్తా ముందు నిలబడ్డ ముసలాయన ఎవరన్నా కనపడితే, ఆయన పక్కన మీరు నిలబడండి.